తమలపాకు బిళ్ళ

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటులో గంట మోగించారు. నిజం మంటలు కావట, అభ్యాసమట. అందరూ మెట్లమీదుగా దిగి కింద పార్కింగులో నిలబడాలట. మోకాళ్ళు అరిగినదాన్ని, నేను కూడా గోడ పట్టుకుని నాలుగంతస్తులు దిగాను. చూస్తే సగంమంది లేరు. సెక్రటరీ చేతిలో కాగితం పట్టుకుని "మీ పైవాళ్ళు వచ్చారా? లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరింట్లో ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఆఖరికి ఫోటో దిగి, సమోసాలు తిని, లిఫ్టెక్కి పైకి పోయారు.

నాకు నవ్వాగలేదు. "ఎందుకు నవ్వుతున్నావు అమ్మమ్మా?" అంది మనవరాలు. "మా గుడిసెలో అయితే ఈ సంగతి ఒక్క చూపులో తేలిపోయేది" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. నమ్మకపోతే మానె. పైకొచ్చి నా ట్రంకుపెట్టె తెరిచి, అడుగున చీరల కింద ఉన్న రేకుముక్క తీసి దాని చేతిలో పెట్టాను. తమలపాకు ఆకారంలో కత్తిరించిన రేకు. పైన చిన్న చిల్లు. ఒక అంచు నల్లగా కాలి ఉంటుంది.

గోదావరిఖనికి మేం వచ్చిన కొత్తలో క్వార్టర్లు కొందరికే ఉండేవి. మిగతావాళ్ళందరం గుడిసెల్లోనే. బొగ్గుబాయికి, అంటే గనికి, కూతవేటు దూరంలో ఒక పొడుగాటి వరుస. మట్టిగోడలు, పైన తాటాకు. ఒక ఇంటి చూరు ఇంకో ఇంటి చూరుకు తగిలేది. పొద్దున్నే అందరి ఇళ్ళముందూ బొగ్గుపొయ్యిలు రాజేస్తే వరుసంతా పొగ కమ్ముకునేది. ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. ఆ పొగలోంచే మక్కజొన్న రవ్వతో కాచే గట్క వాసన, పచ్చిపులుసులోకి కాల్చిన మిరపకాయల ఘాటు వచ్చేవి. ఇప్పుడు ఎక్కడైనా బొగ్గు కాలిన వాసన వస్తే అందరూ ముక్కు మూసుకుంటారు, నాకు మాత్రం ఆకలవుతుంది.

ఇంట్లో ఐదుగురం. బాపు, అమ్మ, నేను, నాకంటే రెండేళ్ళు చిన్నవాడు తమ్ముడు, బాపును కన్నతల్లి. బాపు ఆమెను అవ్వ అని పిలిచేవాడు గనుక మాకూ అవ్వే. అవ్వకు చెవుడు. చెవిలో డప్పు కొట్టినా పలికేది కాదు గానీ, తన మీద చాడీ చెబితే మాత్రం రెండిళ్ళ అవతలినుంచి వినేది.

మా బాపు సంగతి చెప్పాలి. బాయిలో ఆపద వస్తే అందరూ బయటికి ఉరుకుతారు. అప్పుడు లోపలికి పోయే జట్టు ఒకటి ఉంటుంది. ఆ జట్టులోకి మా బాపును ఏరి తీసుకున్నారు. ఆ మాట ఇప్పటికీ నేను ఛాతీ విరుచుకునే చెబుతాను. నెలకోసారి వాళ్ళకు శిక్షణ ఇచ్చేవారు. అక్కడ నేర్చుకున్నదంతా తెచ్చి మామీద రుద్దేవాడు.

"ఇల్లు సుత ఒక బాయే" అనేవాడు. "బాయికి కప్పున్నది, ఇంటికి కప్పున్నది. బాయిల అగ్గి వడ్తది, ఇంట్ల అగ్గి వడ్తది. ఆపతి అడిగి రాదు. అచ్చినంక ఎతుకులాడుకుంటే ఏం ఫాయిదా?"

అందుకని మా గుడిసెకు నాలుగు కట్టుబాట్లు పెట్టాడు. పొయ్యి పక్కన ఇసుక బకెట్టు. గడప దగ్గర రెండు నిండు బిందెలు, వాటిలో నీళ్ళు తాగడానికి కూడా ముట్టుకోకూడదు. తలుపు పక్కన మేకుకు ఒక గట్టి తాడు చుట్ట, దానిమీద ఎవరైనా బట్టలారేస్తే వాళ్ళ పని అయిపోయినట్టే. ఇంటి మూలన ఆపతి డబ్బా.

ఆపతి డబ్బా అంటే పెద్ద నూనె డబ్బా. అందులో ఉతికి మడతపెట్టిన పాతచీర పేలికలు, పసుపు, మైనం గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె, ఇంత పుట్నాలు, ఇంత బెల్లం. ఆ బెల్లం అక్కడుందని తెలిశాక మా ఇద్దరికీ నిద్రపడుతుందా? నేనూ తమ్ముడూ మధ్యాహ్నాలు అవ్వ కునుకు తీసేప్పుడు ముక్క ముక్క గిల్లి, గిల్లి, పదిహేను రోజుల్లో గడ్డ మొత్తం హరాయించేశాం. అనుమానం రాకుండా అంతే సైజు ఇటుకముక్క ఒకటి గుడ్డలో చుట్టి పెట్టాం. ఆ తెలివి నాదే.

నెల తిరిగాక బాపు డబ్బా తనిఖీ చేశాడు. గుడ్డ విప్పాడు, చూశాడు, మళ్ళీ చుట్టాడు. డబ్బా మూత పెట్టేశాడు. మా పానం కుదుటపడింది. సాయంత్రం అన్నానికి కూర్చుంటే నా కంచంలో సగం ఇటుక, తమ్ముడి కంచంలో సగం ఇటుక.

"తినుండ్రి" అన్నాడు. "ఆపతి అచ్చిననాడు మనందరం తినేది గదే గద. ఇయ్యాల్నించే అలవాటు చేసుకోవాలె."

అవ్వ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. మాకు మాత్రం ఏడుపే. ఆ డబ్బా జోలికి మళ్ళీ పోలేదు.

వీటన్నిటికంటే బాపుకు ముద్దు ఐదో కట్టుబాటు. అది బిళ్ళల పలక. బాయి దిగే ప్రతి మనిషికీ ఒక బిళ్ళ ఉంటుంది. దిగేముందు అది బోర్డుమీద పడాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డుమీద బిళ్ళ ఉందంటే మనిషి లోపలున్నట్టే. బాపు ఒక పెట్టె చెక్కకు ఐదు మేకులు కొట్టి, మా గుడిసె గడప బయట వేలాడదీశాడు. రేకు డబ్బా కత్తిరించి ఐదు బిళ్ళలు చేశాడు. అమ్మకూ అవ్వకూ చదువు రాదు గనుక అంకెలు కాకుండా ఆకారాలు. బాపుది గుండ్రం, అమ్మది చతురస్రం, నాది మూడు మూలలు, తమ్ముడిది అర్ధచంద్రం. పొద్దుగూకులు ఆకూవక్కా నములుతుంది గనుక అవ్వకు తమలపాకు. ఇంట్లో ఉంటే బిళ్ళ మేకుకు వెయ్యాలి. బయటికి పోతే తీసి వెంట తీసుకుపోవాలి.

అవ్వ అగ్గిమీద గుగ్గిలమైంది.

"బతికున్న మనుషుల మేకులకు ఏలాడదీస్తవారా? శకునం గాదు, సల్లగాదు! నేనేమన్న బర్రెనా, మెడకు బిళ్ళ కట్టుకొని తిరుగ?"

"మెడకెందుకే అవ్వా, కొంగుకు కట్టుకో" అన్నాడు బాపు.

"నేను ముట్ట. సచ్చినా ముట్ట."

అన్నట్టే ముట్టలేదు. బయటికి పోతూ "ఓ పోరీ, నా ఆకు తియ్యి" అని కేకేసేది. వచ్చాక "ఓ పోరీ, నా ఆకెయ్యి" అనేది. తీసి కొంగుకు ముడివేయడం, విప్పి మేకుకు వేయడం నా డ్యూటీ. వరుసలోవాళ్ళు మా పలక చూసి "ఏంది వదినే, మీ ఇంట్ల హాజరు గిట్ల పడ్తదా?" అని అమ్మను ఆటపట్టించేవాళ్ళు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయేది.

దానికితోడు అభ్యాసాలు. బాపు ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు ఈల ఊదేవాడు. ఊదగానే అందరం బయటికి రావాలి. తర్వాత ఒకరు నడుముకు తాడు కట్టుకుని, తడిబట్ట కప్పుకుని, నేలమీద పాకుతూ లోపలికి పోయి రావాలి. "పొగ మీద తిరుగుతది, గాలి నేలమీద ఉంటది. చెయ్యి గోడమీదికెల్లి తియ్యద్దు. తాడు ఒక్కసారి గుంజితే బాగున్న అని. రెండుసార్లు గుంజితే బయటోళ్ళు లాగాలె." అమ్మ వంతు వస్తే సగం పాకి, కడుపు పట్టుకుని నవ్వుతూ అక్కడే పడిపోయేది.

ఇంతలో నేను ఒక వెధవపని చేశాను. బొగ్గురైలు ఇంజను నీళ్ళు పట్టుకునేచోటు పిల్లలందరికీ పెద్ద తమాషా. అక్కడికి పోవద్దని ఇంట్లో గట్టి ఆర్డరు. ఒకరోజు బిళ్ళ మేకుకే ఉంచి వెనకనుంచి జారుకున్నాను. అమ్మ పలక చూసి, నేను వెనకగదిలో పడుకున్నాననుకుంటుందని నా ఎత్తు. ఇంజను చూసి, దారిలో రేగుపండ్లు ఏరుకుని, ఒళ్ళో పోసుకుని తింటూ వచ్చాను.

మా ఇంటిముందు జనం. మధ్యలో బాపు. తలంతా బూజు, మోకాళ్ళు కొట్టుకుపోయి ఉన్నాయి. డ్యూటీ దిగి వచ్చి ఈల ఊదాడట. అందరూ వచ్చారు, నేను రాలేదు. బిళ్ళ మేకుకుంది. మంచం కింద, వడ్ల గుమ్మి వెనక, ఆఖరికి గుమ్మిలో కూడా వెతికాడట. కొడతాడనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు. నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"బాయిల గిట్ల జేస్తే, నీకోసం నలుగురు దిగుతరు బిడ్డా. నువ్వు పైన రేగువండ్లు తింటనే ఉంటవు. ఆ నలుగురు మల్ల పైకి రారు."

ఒళ్ళోని పండ్లన్నీ కిందపడేశాను. ఆరోజు ఏడ్చినంత ఏడుపు నేను అత్తారింటికి పోయేటప్పుడు కూడా ఏడవలేదు. అప్పటినుంచి ఇంట్లో ఏదైనా నిజం చెప్పినా అమ్మ "దీని మాట, దీని బిళ్ళ మాట ఒక్కటే" అని ఎత్తిపొడిచేది.

ఇక ఆ ఎండాకాలం రోజు. బాపు మొదటి షిఫ్టుకు పోతూ, అవ్వ కొంగుకు తమలపాకు బిళ్ళ తనే ముడివేశాడు. అవ్వ ఆరోజు మా మేనత్త ఊరికి పోతోంది, నాలుగురోజులదాకా రాదు. కాస్త పొద్దెక్కాక మూట చంకన పెట్టుకుని బస్సు రోడ్డుకు పోయింది. పక్కింటి పెద్దమ్మ దగ్గరుండి సాగనంపి వచ్చింది. అమ్మ, నేను, తమ్ముడు మా బిళ్ళలు తీసుకుని, చలికాలమంతా కప్పుకున్న గొంగళ్ళు, దుప్పట్లు ఉతకడానికి వాగుకు పోయాం. తలుపు దగ్గరకు వేశాం, అంతే. మా వరుసలో తాళం ఎవరికుండేది గనుక?

గొంగళ్ళు నానబెట్టి, తొక్కి, పిండుతున్నాం. తమ్ముడు "అమ్మా, పొగ" అన్నాడు. వరుస మీద నల్లటి పొగ లేచింది. అమ్మ తడి గొంగడి భుజాన వేసుకుని ఉరికింది. వెనక మేం.

మేం వచ్చేసరికి చివరి గుడిసెలు కాలిపోతున్నాయి. ఎవరి పొయ్యిలోదో రవ్వ. ఎండిన తాటాకు, పైన గాలి. చూరునుంచి చూరుకు మంట ఉరుకుతోంది. మగవాళ్ళు ఎక్కువమంది బాయిలో ఉన్నారు. ఆడవాళ్ళే బిందెలు మోస్తున్నారు, పిల్లల్ని లెక్కపెట్టుకుంటున్నారు. మా కప్పు వెనకవైపు అప్పుడే అంటుకుంది.

"మీరు ముగ్గురున్నరా? ముసలమ్మ ఊర్లెనే లేదాయె. ఇగ పోతే గుడిసె పోతది, పోనియ్యి చెల్లె!" అంది పక్కింటి పెద్దమ్మ.

నేను గడప దగ్గరికి ఉరికాను. ఎందుకంటే, పలక బాపు చేసిన పలక. కాలనివ్వకూడదనిపించింది, అంతే. చేయి చాపి, అక్కడే నిలబడిపోయాను. మేకుకు తమలపాకు బిళ్ళ ఉంది.

"అమ్మా! అవ్వ లోపలున్నది!"

"మతిపోయిందా పోరీ? నేనే గద తోలిచ్చి అచ్చిన!" పెద్దమ్మ నా రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

అమ్మ నన్నూ పలకనూ చూసింది. "నువ్వు ఏసినవా?"

"లే."

"వాడేసిండా?"

తమ్ముడు ఏడుస్తూ తల అడ్డంగా ఊపాడు.

"పొద్దుగాల బాపు అవ్వ కొంగుకు ముడేసిండు. నేను జూసిన. అవ్వ రాకపోతే గిది ఈడికెట్ల అచ్చె?"

"మల్ల అవద్దం గాదుగదనే?"

నేను అబద్ధాలకోరునే. రేగుపండ్ల దాన్నే. అమ్మ నన్ను నమ్మి లోపలికిపోతే, అవ్వ లేకపోతే? నమ్మకపోతే, అవ్వ ఉంటే? పెద్దమ్మ చేయి విదిలించుకున్నాను. గడపకు ఉరికి, తాడు చుట్ట మేకునుంచి లాగి అమ్మకు అందించాను.

అమ్మ ఇంకో మాట అడగలేదు. తాడు నడుముకు చుట్టుకుంది, రెండో కొస నా చేతికిచ్చింది. తడి గొంగడి తలమీదుగా కప్పుకుని, గడప దగ్గరి నిండు బిందె ఒకటి ఒంటిమీద కుమ్మరించుకుంది. "ఇడ్వకు" అంది. నేలమీద బోర్లా పడి, చేయి గోడకు ఆనించి పాకుతూ లోపలికి పోయింది. అభ్యాసంలో ఏనాడూ పూర్తిగా పాకని మా అమ్మ!

తాడు కదులుతోంది. ఒకసారి గుంజింది. బాగానే ఉంది. తర్వాత తాడు కదల్లేదు. పైన తాటాకు చిటపటమంటోంది. పెద్దమ్మ వచ్చి నా వెనక తాడు పట్టుకుంది, ఆమె వెనక ఇంకో ఇద్దరు. "గుంజుదామా బిడ్డా?" అని అడుగుతోంది. "ఆగున్రి, రెండుసార్లు రావాలె" అంటున్నాను. పదేళ్ళ పిల్ల మాట ముగ్గురు పెద్ద ఆడవాళ్ళు విన్నారు.

రెండుసార్లు వచ్చింది. లాగాం. పొగలోంచి ముందు అమ్మ కాళ్ళు వచ్చాయి, తర్వాత నడుము, తర్వాత అమ్మ రెండు చేతుల్లో గొంగడి చుట్టిన అవ్వ. మేం నాలుగు బారలు వెనక్కి జరిగామో లేదో, వెనకగది కప్పు కూలింది.

అవ్వను ఎదురుగా వేపచెట్టు కింద పడుకోబెట్టారు. కనుబొమ్మలు కాలిపోయాయి. దగ్గి దగ్గి, నీళ్ళు తాగి, కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట "నా ఆకుల సంచేది?" అని. బస్సు నిండా జనమట, కండక్టరు ఎక్కనివ్వలేదట. ఎండకు తాళలేక తిరిగొచ్చి, చల్లగా ఉంటుందని గుమ్మి పక్కన నేలమీద నడుం వాల్చిందట. చెవిటి మనిషి, ఇంత గోలా వినలేదు. పొగకు తెలివి తప్పింది.

అప్పుడు బాయినుంచి మనుషులు ఉరికి వచ్చారు. అందరికంటే ముందు బాపు. ఒళ్ళంతా బొగ్గు. నేను, అంచు అంటుకుంటుండగా గోడమీదినుంచి లాక్కొచ్చిన పలకను రెండు చేతులా గుండెకు అదుముకుని కాలుతున్న ఇంటిముందే నిలబడి ఉన్నాను. అమ్మను చూశాడు. తమ్ముణ్ణి చూశాడు. నన్ను చూశాడు. పలక చూశాడు. పలకమీద తమలపాకు బిళ్ళ, అంచు నల్లబడి, అట్లాగే ఉంది, ఆ హడావిడిలో నేను తియ్యలేదు.

బాపు సరాసరి మంటల్లోకి ఉరికాడు.

నేను కేకేసేలోపే గడప దాకా పోయాడు. అమ్మ లేవబోయి పడిపోయింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళను తోసుకుని అవ్వ కేకవేసింది. ఆ గొంతులో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"ఒరే! ఏడికిరా? నేనీడున్న!"

బాపు గడపమీద ఆగాడు. తిరిగి చూశాడు. అవ్వ ఇద్దరి భుజాలు పట్టుకుని లేచి, తూలుతూ నా దగ్గరికి వచ్చింది. సచ్చినా ముట్టనన్న మనిషి, అందరూ చూస్తుండగా, తన చేత్తో తమలపాకు బిళ్ళను మేకునుంచి తీసింది. తీసి నా నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది.

"మనిషి బయటికి అచ్చినంక బిళ్ళ తియ్యాలని ఎరుకలేదానే నీకు?"

బాపు గడప దిగి వచ్చి మా ముందు కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మాకు తెలియలేదు. బొగ్గుమీద కన్నీళ్ళు చారలు కట్టాయి.

ఇల్లు పోయింది. చారెడు గింజలు కూడా మిగల్లేదు. అయినా ఆ సాయంత్రం మా అంత గర్వంగా ఖనిలో ఎవరూ లేరు. బాయిలో దిగే జట్టు మగవాళ్ళు వరుసగా వచ్చి, అమ్మ నడుముకు తాడు ఒరుసుకున్న గీత చూసి, "మా జట్టుల ఇట్లాంటోళ్ళు ఇద్దరుంటే సాలు అక్కా" అన్నారు. అమ్మ తల దించుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మళ్ళీ గుడిసెలు లేచేటప్పుడు, ఎవరూ చెప్పకుండానే, వరుసలో ప్రతి గడపకూ ఒక పలక వచ్చింది. రేకు కత్తిరించి ఇచ్చేది బాపు. ఏ ఇంటికి ఏ ఆకారాలో చెప్పేది నేను. ఇంట్లో ఇక నా మాటను ఎవరూ ఎత్తిపొడవలేదు.

కొన్నాళ్ళయ్యాక అవ్వకు తల దువ్వుతూ ఆమె చెవిలో అరిచి అడిగాను. "అవ్వా, శకునం గాదంటివి గద. ఆనాడు నీ బిళ్ళ నువ్వే ఎందుకేసినవ్?"

అవ్వ నములుతున్న ఆకును దవడకు తోసుకుంది.

"నీ బాపు రోజూ బాయి దిగుతడు. ఆడ ఎవరో ఒకరు వాని బిళ్ళ దిక్కు జూస్తరు గద, పైకి అచ్చిండా లేడా అని. ఈడ నా బిళ్ళ నేను ఎయ్యకపోతే, ఆడ వాని బిళ్ళ ఎవలు జూడాలె బిడ్డా?"

ఎన్నో ఏళ్ళకు అవ్వ పోయింది. అప్పటికి మాకు పెంకుటిల్లు, బాపు పని మానేసి ఇంటిపట్టున ఉన్నాడు. అంతా అయిపోయి ఇంటికి తిరిగి వచ్చాక, గడపలో ఆగి, మేకుకున్న తమలపాకు బిళ్ళ తీశాడు. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, నా చేతికిచ్చాడు. "అవ్వ బయటికి పోయింది" అన్నాడు. అంతే అన్నాడు.

ఇదంతా విని మనవరాలు ఆ రేకు కాలిన అంచును వేలితో తడిమి చూసింది. సాయంత్రం ఎక్కడినుంచో రెండు మేకులు తెచ్చి మా ఫ్లాటు తలుపు పక్కన కొట్టింది. తనకోసం అట్టముక్కను నక్షత్రంలా కత్తిరించుకుంది. ఇప్పుడు పాల ప్యాకెట్టుకు దిగినా సరే, తమలపాకు బిళ్ళ తీసి కొంగుకు ముడివేసుకునే పోతున్నాను. ఒకరోజు మరిచిపోయి వట్టి చేతులతో లిఫ్టు దాకా పోతే, వెనకనుంచి ఆ పిల్ల అరిచింది: "అమ్మమ్మా, నీ బిళ్ళ!"

ఇంత వయసులో వెనక్కి తిరిగిపోయి, తీసుకున్నాను.